కట్టెల ఫర్నేస్ పొగగొట్టానికి డ్యాంపర్

కట్టెల ఫర్నేస్ నుంచి చిమ్నీకి పోయే పొగగొట్టంలో లాగుడు మితిమీరకుండా చూసే గుండ్రటి లోహపు పలకే డ్యాంపర్. ఫర్నేస్ ఖరీదు ముందు దీని ధర లెక్కలోకి రాదు. అయినా చలికాలం మొత్తానికి ఎన్ని కట్టెలు పడతాయి, రాత్రి వేసిన కట్టెలు తెల్లారేదాకా నిలుస్తాయా లేదా, చిమ్నీ లోపల మసి ఎంత పేరుకుంటుంది అన్నవి చాలావరకు దీని చేతిలోనే ఉంటాయి. అమరిక కుదిరితే ఫర్నేస్ నిలకడగా మండుతుంది. కుదరకపోతే ఇంట్లోకి పొగ రావచ్చు, చిమ్నీ అంటుకోవచ్చు కూడా.

ఈ ఫర్నేస్‌ల వాడకం అమెరికా ఉత్తరాదిన మిషిగన్, విస్కాన్సిన్, మిన్నెసోటా, మెయిన్ లాంటి రాష్ట్రాల పల్లెల్లోను, కెనడాలోను ఎక్కువ. 1973 నాటి చమురు సంక్షోభంతో ఇంధనం ధరలు చుక్కలనంటినప్పుడు చాలామంది మళ్ళీ కట్టెల వైపు మళ్ళారు. చమురుతో నడిచే ఫర్నేస్ పక్కనే కట్టెల ఫర్నేస్ కూడా పెట్టుకున్న ఇళ్ళు అక్కడ ఇప్పటికీ కనిపిస్తాయి. స్టవ్ అయితే హాల్లో ఉండి ఉన్నచోటునే వెచ్చబరుస్తుంది. ఫర్నేస్ బేస్‌మెంట్లో ఉంటుంది. మంట ఉండే గదిచుట్టూ రేకు తొడుగు, ఆ రెండింటి మధ్య ఖాళీ. బ్లోవర్ ఆ ఖాళీలోంచి గాలిని నెడితే అది వేడెక్కి డక్టుల గుండా ఇంట్లోని గదులన్నిటికీ చేరుతుంది. పొగ దారి వేరు. అది ఫర్నేస్ వెనకనుంచి లేదా పైనుంచి 6 లేదా 8 అంగుళాల గొట్టంలోకి వచ్చి, చిమ్నీలో కలిసి, ఇంటికప్పు దాటి పోతుంది. డ్యాంపర్ ఉండేది ఫర్నేస్‌కూ చిమ్నీకీ మధ్యనున్న ఆ కాస్త గొట్టంలోనే.

చిమ్నీ పొగను లాగడానికి మోటారు ఏదీ అక్కర్లేదు. వేడి వాయువు తేలిక, చల్లగాలి బరువు. చిమ్నీ నిండా వేడి పొగ ఉంటే, బయట అంతే ఎత్తున్న చల్లగాలి స్తంభం దానికంటే బరువు తూగుతుంది. ఆ తేడాయే గాలిని ఫర్నేస్ రంధ్రాల్లోంచి లోపలికి తోసి, పొగను పైకి పంపుతుంది. దీన్ని డ్రాఫ్ట్ అంటారు. ఇది రెండింటి మీద ఆధారపడుతుంది: చిమ్నీ ఎత్తు, లోపలికీ బయటికీ ఉన్న ఉష్ణోగ్రత తేడా. బేస్‌మెంట్లో ఫర్నేస్, పైన రెండంతస్తులు, ఆపైన కప్పు అంటే చిమ్నీ ఎత్తు 30 అడుగులు, అంటే 9 మీటర్లు సులువుగా వస్తుంది. అందులో పొగ సగటున 150 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉండి, బయట సున్నా డిగ్రీలుంటే, లెక్క ప్రకారం లాగుడు 40 పాస్కల్ దాకా వస్తుంది. బయట మైనస్ 20కి పడిపోతే అదే చిమ్నీ దాదాపు 50 పాస్కల్ లాగుతుంది. గొట్టాల్లో రాపిడివల్ల కొంత పోయినా, మిగిలేది తక్కువేం కాదు.

అంత లాగుడు ఫర్నేస్‌కు అక్కర్లేదు. తయారీదారులు సాధారణంగా అడిగేది 0.04 నుంచి 0.06 అంగుళాల నీటిమట్టం. అక్కడి పనివాళ్ళు డ్రాఫ్ట్‌ను ఈ కొలతలోనే చెప్పుకుంటారు. ఒక అంగుళం నీటిమట్టం అంటే 249 పాస్కల్. ఆ లెక్కన 0.05 అంగుళం అంటే పన్నెండున్నర పాస్కల్. నీటిని ఒక సన్న గొట్టంలో మిల్లీమీటరు పైచిలుకు మాత్రమే లేపగల బలం అది. మామూలు గాలి పీడనంలో ఎనిమిది వేలో వంతు. కళ్ళకు కనబడని, చేతికి తెలియని ఇంత చిన్న తేడా మీద మంట మొత్తం నడుస్తుంది కాబట్టే, ‘బాగానే లాగుతున్నట్టుంది’ అన్న అంచనా ఇక్కడ పనికిరాదు.

వేడి పొగను చిమ్నీ తనంతట తానే లాగే ఈ సూత్రం తెలుగు నేలకు కొత్తదేం కాదు. 1950ల్లో హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీలో ఎస్.పి. రాజు పొగగొట్టంతో వంటపొయ్యి రూపొందించారు. ఆ లేబొరేటరీ పేరు మీదే దాన్ని హెర్ల్ చుల్హా అన్నారు. ప్రకాశం, గోదావరి జిల్లాల్లో వర్జీనియా పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల పనితీరు కట్టెల ఫర్నేస్‌కు ఇంకా దగ్గర. బ్యారన్ గోడకు ఆనుకుని కట్టెల పొయ్యి ఉంటుంది, లోపల నేలకు దగ్గరగా రేకు గొట్టాలుంటాయి, చివర చిమ్నీ లేస్తుంది. పొగ గొట్టాల్లోనే పోతుంది, ఆకుకు తగిలేది వేడి ఒక్కటే. అక్కడైనా ఇక్కడైనా లాగుడు తగ్గితే పొగ వెనక్కి కక్కుతుంది, ఎక్కువైతే కట్టెల వేడి ఆకాశానికి పోతుంది.

లాగుడు ఎక్కువైన ఫర్నేస్‌ను గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. గాలి వచ్చే మూత పూర్తిగా మూసినా మంట హోరుమంటూనే ఉంటుంది. ఆరేడు గంటలు రావాల్సిన కట్టెలు మూడు గంటల్లో బూడిదవుతాయి. పొగగొట్టం ముట్టుకోలేనంత వేడిగా ఉంటుంది, గదుల్లోకి వచ్చే గాలి మాత్రం గోరువెచ్చన. బాగా ముదిరితే గొట్టం మసక ఎరుపుకు తిరుగుతుంది. అక్కడిదాకా వచ్చాక ఆలోచించేదేం లేదు, మంట తగ్గించాల్సిందే. కొత్త తరం ఫర్నేస్‌లలో మరో చిక్కుంది. వాటిలో మొదటి గాలి కట్టెను మండిస్తే, పైనుంచి వదిలే రెండో గాలి పొగలోని వాయువులను మండిస్తుంది. లాగుడు మితిమీరితే ఈ రెండింటి పొత్తు చెడి, ఆ వాయువులు పూర్తిగా కాలకముందే చిమ్నీలోకి జారుకుంటాయి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2015లో కట్టెల ఫర్నేస్‌లను కూడా కాలుష్య నిబంధనల కిందికి తెచ్చి, 2020లో పరిమితిని మరింత బిగించింది. ఆ పరీక్షలు నెగ్గిన ఫర్నేస్ ఇంట్లో కూడా అలాగే మండాలంటే, డ్రాఫ్ట్ కూడా తయారీదారు చెప్పిన హద్దుల్లో ఉండాలి.

అయితే ఈ లక్షణాలన్నీ లాగుడు ఎక్కువవడం వల్లే రావు. తలుపు చుట్టూ ఉండే తాడులాంటి గాస్కెట్ అరిగిపోయినా, బూడిద తీసే తలుపు సరిగా పడకపోయినా, దొంగదారిన గాలి వెళ్ళి మంట చెలరేగుతుంది. ఫర్నేస్ చల్లారాక తలుపు సందులో ఒక కాగితం నోటు పెట్టి మూసి, లాగి చూడాలి. నోటు సులువుగా జారి వచ్చేస్తే గాస్కెట్ పోయినట్టే. తలుపు చుట్టూ నాలుగైదు చోట్ల ఇలా చూస్తే ఎక్కడ కారుతోందో తెలిసిపోతుంది. గాస్కెట్ మార్చకుండా డ్యాంపర్ కొన్నవాళ్ళ డబ్బు వృథా. ఎదురు సమస్యకు, అంటే లాగుడు చాలకపోవడానికి, డ్యాంపర్ అసలు మందే కాదు. చిమ్నీ పొట్టిదైనా, ఇంటి బయటిగోడ వెంట పోయి చల్లబడుతున్నా, గొట్టానికి మలుపులు ఎక్కువున్నా, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను, బట్టలారబెట్టే యంత్రం ఇంట్లోని గాలిని బయటికి తోడేస్తున్నా లాగుడు పడిపోతుంది. అలాంటి చిమ్నీకి డ్యాంపర్ తగిలిస్తే ఉన్న కాస్తా పోతుంది.

అందుకే ముందు కొలవాలి, తర్వాతే కొనాలి. కొలిచే పరికరం మానోమీటర్. అక్కడి ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది డ్వయర్ కంపెనీ మార్క్ 2 రకం. ప్లాస్టిక్ పలకలో వంపు తిరిగిన సన్నటి గొట్టం, అందులో రంగు ద్రవం. దీన్ని గోడకు బిగిస్తారు. ఫర్నేస్‌కూ డ్యాంపర్ రాబోయే చోటుకూ మధ్య గొట్టానికి చిన్న రంధ్రం చేసి, అందులో రాగి లేదా ఉక్కు గొట్టం ముక్క దూర్చి, దాని బయటి చివరకు రబ్బరు గొట్టం తగిలిస్తారు. రబ్బరు నేరుగా వేడి గొట్టానికి తగిలితే కరిగిపోతుంది కాబట్టి మధ్యలో ఈ లోహపు ముక్క ఉండాలి. మంట బాగా అందుకుని, చిమ్నీ వేడెక్కాక చూసిన అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. అది తయారీదారు చెప్పిన హద్దు దాటకపోతే డ్యాంపర్ పని లేదు.

డ్యాంపర్లు రెండు రకాలు. రెంటి పనీ లాగుడు తగ్గించడమే అయినా, ఒకటి చేసేదానికి రెండోది చేసేది సరిగ్గా ఎదురు.

మొదటిది చేత్తో తిప్పేది. గొట్టం లోపల, దాని వ్యాసానికి కాస్త తక్కువ వ్యాసంతో పోత ఇనుప పలక ఉంటుంది. మధ్యలోంచి ఇరుసు. బయట స్ప్రింగులా చుట్టిన తీగ పిడి. వేడి చేతికి తగలకుండా ఆ చుట్ట. పిడి గొట్టంతోపాటు నిలువుగా ఉంటే దారి తెరిచి ఉన్నట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. పూర్తిగా మూసినా పలకకు రంధ్రాలో పక్కన సందులో ఉండి కొంత పొగ పోతూనే ఉంటుంది. అది లోపం కాదు, ప్రాణాలు కాపాడే ఏర్పాటు. పొగ మొత్తం ఆగిపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది. ఈ రకం డ్యాంపర్ పొగకు అడ్డుపడి లాగుడు తగ్గిస్తుంది. చవక, కరెంటు అక్కర్లేదు, చెడిపోయేది ఏమీ లేదు. కానీ మనిషి దగ్గరుండాలి. సాయంత్రం సరిపెట్టినది, అర్ధరాత్రి చలి పెరిగి లాగుడు ఎక్కువయ్యాక చాలదు. తెల్లవారుజామున కట్టెలు బొగ్గులై లాగుడు తగ్గాక మరీ ఎక్కువవుతుంది.

రెండోది తనంతట తానే నడిచేది, బారోమెట్రిక్ డ్యాంపర్. ఇది పొగకు అడ్డుపడదు. పొగగొట్టానికి టీ ఆకారపు ముక్క వేసి, ఆ పక్క నోటికి ఒక కంకణం, అందులో ఇరుసు మీద ఊగే తేలికైన తలుపు అమరుస్తారు. తలుపుకు చిన్న బరువు ఉంటుంది. లాగుడు నిర్ణయించిన హద్దు దాటగానే తలుపు లోపలికి ఊగి, బేస్‌మెంట్ గాలిని చిమ్నీలోకి వదులుతుంది. చిమ్నీ తన ఆకలి ఆ గాలితో తీర్చుకుంటుంది, ఫర్నేస్‌ను లాగే బలం తగ్గుతుంది. చల్లగాలి కలవడంతో చిమ్నీలో వేడి కూడా తగ్గి లాగుడు ఇంకా దిగుతుంది. హద్దు లోపలికి వచ్చాక తలుపు మెల్లగా మూసుకుంటుంది. చెరువుకు అలుగు ఎలాగో ఫర్నేస్‌కు ఇది అలాగ: మట్టం దాటినప్పుడే పారుతుంది, కాపలా ఎవరూ ఉండక్కర్లేదు. గాలి ఉధృతంగా వీచే రాత్రుల్లో ఈ తలుపు ఊగుతూ ఆగుతూ ఉండటం చూస్తే ఎంత ఒడిదుడుకును మింగుతోందో అర్థమవుతుంది. దీనికి ఇంకో సుగుణం ఉంది. కట్టెలు వేయడానికి ఫర్నేస్ తలుపు తీయగానే గొట్టంలో లాగుడు పడిపోతుంది. అప్పుడు డ్యాంపర్ మూసుకుని, చిమ్నీ బలమంతా తలుపు వైపే తిరుగుతుంది. పొగ మొహం మీదికి రాదు. చేతి డ్యాంపర్ ఉన్నచోట, తలుపు తీసే ముందు దాన్ని తెరవడం మరిచిపోతే పొగ ఇంట్లోకే.

అలాగని బారోమెట్రిక్ డ్యాంపర్ మీద అందరిదీ ఒకే మాట కాదు. చిమ్నీలోకి వెళ్ళే గాలి ఇంట్లోంచే పోతుంది. ఎంతోకొంత వెచ్చబెట్టుకున్న గాలే అది. అంతకంటే పెద్ద అభ్యంతరం క్రియోసోట్. పొగలో కాలని తారులాంటి ఆవిర్లుంటాయి. పొగ సుమారు 120 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే అవి చిమ్నీ గోడలకు పట్టి, నల్లటి జిగురుగా మొదలై, గట్టి పెచ్చుగా మారతాయి. ఆ పెచ్చు అంటుకుంటే చిమ్నీలో వేడి 1,100 డిగ్రీలకు చేరవచ్చు. చల్లగాలి కలిపే డ్యాంపర్ పొగను చల్లబరుస్తుంది కాబట్టి క్రియోసోట్ పెరుగుతుందని ఒక వాదన. లాగుడు ఎక్కువైనప్పుడే, అంటే పొగ వేడిగా ఉన్నప్పుడే తలుపు తెరుచుకుంటుంది, మంట అణిగి పొగ చల్లబడ్డాక ఎలాగూ మూసుకుపోతుంది అని రెండో వాదన. రెండూ కొట్టిపారేయలేనివే. తేల్చేది ఫర్నేస్ స్వభావం. పొగను కూడా కాల్చేసే కొత్త ఫర్నేస్ చిమ్నీలోకి వదిలేది దాదాపు శుభ్రమైన వాయువు. దానికి చల్లగాలి కలిసినా పట్టేందుకు పెద్దగా ఏమీ ఉండదు. థర్మోస్టాట్ చెప్పినప్పుడల్లా గాలి మూసుకుని గంటల తరబడి ఉక్కిరిబిక్కిరిగా పొగలు కక్కే పాత ఫర్నేస్‌కు, అందులోనూ పచ్చికట్టెలు వేసే ఇంట్లో, ఇది అదనపు ప్రమాదమే.

కాబట్టి ఆఖరి మాట ఫర్నేస్‌తో వచ్చిన పుస్తకానిదే. అందులో ఏ రకం డ్యాంపర్ చెబితే అది, వద్దంటే వద్దు. బారోమెట్రిక్ డ్యాంపర్ కావాలని అడిగే ఫర్నేస్‌లు చాలా ఉన్నాయి. హాల్లో పెట్టుకునే కట్టెల స్టవ్‌లకు మాత్రం చాలామంది తయారీదారులు ఒప్పుకోరు. ఒకే షాపులో దొరికినంత మాత్రాన ఫర్నేస్‌కు చెప్పిన సలహాను స్టవ్‌కు అంటగట్టకూడదు. కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త. గ్యాస్ పరికరాలకు అమ్మే డ్యాంపర్ తలుపు రెండువైపులా ఊగుతుంది. కట్టెలకు, బొగ్గుకు, చమురుకు ఉద్దేశించిన దాని తలుపు లోపలికి మాత్రమే ఊగుతుంది, బయటికి రాకుండా అడ్డు ఉంటుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. గ్యాస్‌ది తెచ్చి కట్టెల ఫర్నేస్‌కు పెడితే పొగ వెనక్కి తన్నినప్పుడు తలుపు బయటికి తెరుచుకుని బేస్‌మెంట్ పొగతో నిండుతుంది.

అమర్చేముందు ఫర్నేస్ పూర్తిగా చల్లారాలి. బూడిద కింద నిప్పు ఒకట్రెండు రోజులు కూడా దాగి ఉంటుంది కాబట్టి చెయ్యి పెట్టే ముందు గమనించుకోవాలి. గొట్టం విప్పినప్పుడు రాలే మసికి కింద పాత దుప్పటి పరచడం, ముక్కుకు మాస్కు, చేతికి గ్లవ్స్ తప్పవు. విప్పిన గొట్టాన్ని ఇంట్లోనే దులిపితే ఆ మసి వారం రోజులు వదలదు. బయటికి తీసుకెళ్ళి బ్రష్ కొట్టడం మేలు. ఎలాగూ విప్పారు గనక చిమ్నీ కింది భాగంలోకి టార్చి వేసి చూసుకోవచ్చు.

టీ ముక్క వ్యాసం గొట్టం వ్యాసంతో సరిపోవాలి. రేకు మందం 6 అంగుళాల గొట్టానికి 24 గేజ్, అంటే 0.6 మిల్లీమీటర్లు ఉండాలి. నల్ల ఉక్కు రేకే వాడాలి. వేడిగాలి డక్టులకు వాడే జింకు పూత రేకు ఎదురుగానే ఉంటుంది, చవక కూడా. కానీ ఆ వేడికి జింకు ఆవిరై విషమవుతుంది. కొందరు ఉన్న గొట్టానికే పక్కన రంధ్రం కోసి కంకణం బిగిస్తారు. కోత వంకర పోతే సందులు మిగులుతాయి, గొట్టం బలం తగ్గుతుంది. టీ ముక్కతో ఆ బాధ లేదు.

ఎక్కడ పెట్టాలన్నది తొందరపడి తేల్చేది కాదు. డ్యాంపర్ ఫర్నేస్ ఉన్న గదిలోనే ఉండాలి. వేరే గదిలో పెడితే రెండు చోట్లా గాలి పీడనం ఒకేలా ఉండక తలుపు తప్పుగా ఊగుతుంది. ఫర్నేస్ నోటికి మరీ దగ్గరైనా, వంపు తిరిగిన చోటైనా పొగ సుడి తిరుగుతూ తలుపును తడుతుంది. తయారీదారు బొమ్మ వేసి చూపిన దూరం పాటించాలి. బ్లోవర్ గాలిని లాక్కునే నోరు దగ్గర్లో ఉంటే అది డ్యాంపర్ సందుల్లోంచి పొగను లాగి ఇల్లంతా పంచే ప్రమాదం ఉంది. ఇక చెక్క, ప్లాస్టర్‌బోర్డు లాంటి మండే వస్తువులు ఒంటిపొర గొట్టానికి 18 అంగుళాల దూరంలో ఉండాలని చిమ్నీల మీద అమెరికాలో అమల్లో ఉన్న ఎన్‌ఎఫ్‌పీఏ 211 ప్రమాణం చెబుతుంది. కెనడాలో ఇలాంటి పనికి సీఎస్‌ఏ బీ365 నియమావళి ఉంది. అక్కడి బీమా కంపెనీలు, కట్టెలతో వెచ్చబరిచే పరికరాల పనిలో వెట్ అనే సంస్థ దగ్గర శిక్షణ పొందిన తనిఖీదారు సంతకం అడగడం మామూలే. ఏ ఊళ్ళో అయినా పని మొదలుపెట్టేముందు స్థానిక అనుమతి అవసరమో కాదో కనుక్కోవడం నయం.

గొట్టం ముక్కల్లో ఒక చివర నొక్కులు పెట్టి సన్నగా ఉంటుంది, రెండోది సాదాగా ఉంటుంది. నొక్కుల చివర ఎప్పుడూ ఫర్నేస్ వైపుకే, అంటే కిందికే ఉండాలి. చూసేవాళ్ళకు ఇది తలకిందులుగా అనిపిస్తుంది. పొగ పైకి పోతుంది గనక పైముక్క కిందిముక్క లోపలికి దూరకూడదని వాళ్ళ ఆలోచన. కానీ గొట్టంలో కిందికి జారేది ఒకటుంది, తడి క్రియోసోట్. పైముక్క కిందిముక్క లోపలికి దిగి ఉంటే ఆ జిడ్డు లోపలే జారి మంటలో పడి కాలిపోతుంది. తిరగేసి బిగిస్తే అతుకులోంచి బయటికి కారి, గొట్టం మీద నల్లటి చారలు కడుతుంది, ఇల్లంతా ఘాటు వాసన. అతుకు అతుకుకూ మూడు స్క్రూలు వేయాలి. అడ్డంగా పోయే భాగం చిమ్నీ వైపు అడుగుకు పావు అంగుళం చొప్పున లేస్తూ పోవాలి.

తర్వాత బారోమెట్రిక్ డ్యాంపర్ కంకణాన్ని టీ నోటిలో పెట్టి, స్పిరిట్ లెవెల్ తీసి చూడాలి. తలుపు ఇరుసు నేలకు సమాంతరంగా ఉండాలి, తలుపు మొహం నిట్టనిలువుగా ఉండాలి. పని అంతటిలోకీ కీలకం ఇదే. ఈ తలుపును నడిపేది గురుత్వాకర్షణ ఒక్కటే. కొద్దిగా ఒరిగినా బరువు లెక్క మారిపోయి, 0.05కి పెట్టినది ఇంకెక్కడో తెరుచుకుంటుంది. ఇరుసు ఒకవైపు వాలితే తలుపు కంకణానికి రాసుకుని ఇరుక్కుంటుంది. సరిగ్గా కూర్చున్న తలుపును వేలితో తాకితే చప్పుడు లేకుండా ఊగి, తనంతట తానే తిరిగి వచ్చి మూసుకుంటుంది. ఆ పరీక్ష నెగ్గాకే కంకణాన్ని బిగించాలి. టీ ముక్క బరువు గొట్టాన్ని లాగకుండా ఆసరా ఇవ్వాలి.

హద్దు నిర్ణయించేది నిప్పు వెలిగించాక. చిమ్నీ పూర్తిగా వేడెక్కేదాకా మంట బాగా పెట్టి, ముందుగా తలుపు తెరుచుకోకుండా అడ్డుపెట్టి మానోమీటర్ చూస్తే చిమ్నీ అసలు బలం తెలుస్తుంది. అడ్డు తీశాక బరువు మర కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతిసారీ ద్రవం నిలకడకు వచ్చేదాకా ఆగుతూ, పుస్తకంలో ఉన్న అంకెకు తేవాలి. మర మీద అంకెలు గీసి ఉంటాయి గానీ వాటిని నమ్మి వదిలేయడానికి లేదు, మానోమీటర్ చెప్పిందే నిజం. అక్టోబరులో వెచ్చటి పగలు సరిచేసినదాన్ని జనవరిలో చలి ముదిరిన రాత్రి మరోసారి చూసుకోవాలి. చలి తక్కువున్న రోజుల్లో తలుపు చాలాసేపు మూసే ఉండవచ్చు, అది పనిచేయట్లేదని కంగారు పడక్కర్లేదు. దానికి విరుద్ధంగా చలికాలమంతా బార్లా తెరుచుకునే ఉండి, అంకె మాత్రం దిగకపోతే చిమ్నీ ముందు డ్యాంపర్ చిన్నదైందని అర్థం. పెద్ద సైజుది వేయాలి, లేదా రెండోది కలపాలి.

చేతి డ్యాంపర్ అమర్చడం దీనికంటే తేలిక. చేతికి అందే ఎత్తులో గొట్టానికి సరిగ్గా ఎదురెదురుగా రెండు రంధ్రాలు చేయాలి. గొట్టం చుట్టూ కాగితం పట్టీ చుట్టి, దాన్ని సగానికి మడిచి గుర్తు పెడితే రంధ్రాలు తప్పిపోవు. పలకను లోపల పట్టుకుని, ఇరుసును ఒక రంధ్రంలోంచి పలక మధ్యగా రెండో రంధ్రంలోకి దూర్చి తిప్పితే స్ప్రింగు బిగుసుకుని పలక నిలబడుతుంది. పలక ఏ వైపూ రాయకుండా గుండ్రంగా తిరగాలి. సన్న రేకు పలకలు వేడికి వంకర్లు పోతాయి, పోత ఇనుమే మేలు. వాడకంలో ఒకటే నియమం: కట్టెలు వేయబోయే ముందు పూర్తిగా తెరిచి, కాస్త ఆగి, అప్పుడు ఫర్నేస్ తలుపు మెల్లగా తీయాలి. భగభగ మండుతున్నప్పుడు దీన్ని హఠాత్తుగా మూస్తే కాలని వాయువులు లోపల పోగై, గాలి తగలగానే ఢామ్మని అంటుకుని అతుకుల్లోంచి పొగ చిమ్ముతుంది.

ఏ రకమైనా కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా వాడకూడదు. ఒకటి బేస్‌మెంట్లో, ఒకటి పడకగదుల దగ్గర ఉండాలి. ఈ వాయువుకు రంగూ వాసనా లేవు. పొగ కనబడకుండానే అది రావచ్చు, మంట అణిగి బొగ్గులు మాత్రమే మిగిలిన తెల్లవారుజామున మరీను.

నిర్వహణ పెద్ద పనేం కాదు, కానీ మానకూడదు. బారోమెట్రిక్ తలుపు ఇరుసు మీద బూడిద దుమ్ము చేరి బరువెక్కుతుంది. సీజన్లో నెలకోసారి చల్లారినప్పుడు బ్రష్‌తో దులిపి, వేలితో ఊపి చూడాలి. ఇరుసుకు నూనె వేయాలనిపిస్తుంది. వేస్తే ఆ జిడ్డుకు దుమ్ము అంటుకుని ఇంకా తొందరగా బిగుసుకుపోతుంది, పొడిగా ఉంచడమే మంచిది. తలుపు చుట్టూ నల్లటి జిడ్డు కనిపిస్తే పొగ చల్లబడుతోందని, కట్టెలు ఆరలేదని అర్థం. కట్టెలు చీల్చి, వాన తగలకుండా పేర్చి, కనీసం ఏడాది ఎండిస్తేగాని ఫర్నేస్‌కు పనికిరావు. చిమ్నీని ఏటా ఒకసారి నిపుణుడి చేత శుభ్రం చేయించాలి. మసి పావు అంగుళం మందం పట్టిందంటే సీజన్ మధ్యలోనైనా ఆగకూడదు.

చిమ్నీ అంటుకుంటే రైలు వెళ్తున్నట్టు హోరు వినిపిస్తుంది, గొట్టం అదురుతుంది, కప్పు మీద నిప్పురవ్వలు కనిపిస్తాయి. ఆ సమయంలో బారోమెట్రిక్ తలుపు బార్లా తెరుచుకుని మంటకు గాలి అందిస్తుంది. లాగుడు పెరిగితే తెరుచుకోవడమే దాని పని గనక. అందుకే కొందరు ఆ నోటికి సరిపోయే రేకు మూత ముందే చేయించి గోడకు తగిలించి ఉంచుకుంటారు. దగ్గరికి వెళ్ళగలిగితే ఆ మూత పెట్టి, ఫర్నేస్ గాలి మూతలన్నీ మూసి, తలుపు తీయకుండా అందరినీ తీసుకుని బయటికి వచ్చి 911కి ఫోన్ చేయాలి. వెళ్ళే వీల్లేకపోతే మూత సంగతి వదిలేసి బయటపడాలి. మంట తనంతట తాను ఆరిపోయినట్టు కనిపించినా చిమ్నీని నిపుణుడు లోపలినుంచి చూసి బాగుందని చెప్పేదాకా ఫర్నేస్ మళ్ళీ వెలిగించకూడదు. ఆ వేడికి లోపలి గొట్టం పగిలినా బయటికి తెలియదు. వంగిన డ్యాంపర్ తలుపును సరిచేసి వాడటం కుదరదు, కొత్తది వేసి డ్రాఫ్ట్ మళ్ళీ మొదటినుంచి కొలవాలి.